గాజుకిటికీ పక్కన రెబెక్కమ్మ

తడ దగ్గర, హైవే సర్వీసు రోడ్డు మీద 'మమ్మా రెబెక్కా' అని ఒక ఇటలీ హోటలుంది. బోర్డు మీద పేరు పక్కనే ఒక పెద్దావిడ ఫోటో. తెల్లచీర, వెనక్కి దువ్వి ముడేసిన జుట్టు, బోసి నుదురు, మోచేతుల దాకా పిండి. ఆ ఫోటోలో ఉన్నావిడ పేరు రెబెక్కమ్మ కాదు, వెంకటశేషమ్మ. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. దాచిపెట్టి చివర్లో బయటపెట్టే సరదా నాకు లేదు. దాచే పని పదేళ్లపాటు ఆ హోటలువాళ్లే చేశారు, అది చాలు.

హోటలు యజమాని కృపాదానానిది సూళ్లూరుపేట. ఇరవై రెండేళ్ల వయసులో ఎవరి చేతులో కాళ్లో పట్టుకుని ఇటలీ పోయాడు. అక్కడ ఒక చిన్న ఊళ్లో ఒక కుటుంబం నడిపే హోటల్లో పళ్లేలు కడగడంతో మొదలుపెట్టి, పందొమ్మిదేళ్లకు వంటమాస్టరై తిరిగొచ్చాడు. ఆ హోటల్లో యజమాని తల్లి, ఎనభై దాటిన మనిషి, వీధివైపు కిటికీ పక్కన కూర్చుని పొద్దస్తమానం చేత్తో పాస్తా చేసేదట. దారినపోయేవాళ్లు ఆమెను చూసి ఆగేవాళ్లట, ఆగినవాళ్లు లోపలికొచ్చేవాళ్లట. కృపాదానం అక్కడ నేర్చుకున్న వంటలన్నీ ఒక ఎత్తు, ఆ కిటికీ ఒక్కటే ఒక ఎత్తు. కుటుంబం నడిపే హోటలంటే ఇంటి పెద్దావిడ కంటికి కనబడాలి, అంతే. తడ పక్కన ఫ్యాక్టరీలు లేచి, వాటిలోకి దేశదేశాల ఇంజనీర్లు దిగుతున్నారని వినగానే ఆయన మనసులో మొదట కట్టింది ఆ కిటికీనే. హోటలు తర్వాత కట్టాడు.

కిటికీ పక్కన కూర్చోవాల్సింది ఆయన కన్నతల్లి రెబెక్కమ్మ. ఆమె పేరుతో బోర్డు రాయించాడు, మెనూ కార్డులు అచ్చువేయించాడు. ఇంకా రెండు నెలల్లో హోటలు తెరుస్తారనగా ఆమెకు జ్వరం తగిలింది. మూడో రోజు తెల్లవారేసరికి ప్రాణం పోయింది. బోర్డు మిగిలింది, కార్డులు మిగిలాయి, కిటికీ పక్కన కుర్చీ మిగిలింది.

వెంకటశేషమ్మ అప్పటికి ఆ కట్టడంలోనే ఉంది. ఇటుకలు మోసే ఆడకూలీల్లో ఒకతె. వాకాడు వైపు పల్లెలో ఆమె, ఆమె మొగుడు పద్మనాభయ్య ఎకరంన్నర మడి కౌలుకు చేసుకునేవాళ్లు. పిల్లల్లేరు. ఒకనాడు పొద్దున్నే నీళ్లు పెట్టడానికి పోయి పద్మనాభయ్య మోటారు షెడ్డులో కరెంటు కొట్టి పడిపోయాడు. మనిషి పోయాక కౌలూ పోయింది. ఆమె తడకు వచ్చి తట్ట పట్టింది.

అందరూ ఆమెను గట్టి మనిషి అన్నారు. మొగుడు పోయినా కంట నీరు పెట్టలేదని కొందరు మెచ్చుకున్నారు, కొందరు మూతి తిప్పుకున్నారు. గట్టిదనమూ కాదు, పాడూ కాదు. ఎక్కువసేపు ముడుచుకుని కూర్చుంటే కాలు తిమ్మిరెక్కి గిల్లినా తెలియదే, ఆమెకు లోపల అట్లా అయిపోయింది. ఆకలేస్తే తినేది, పొద్దుగూకితే పడుకునేది. శ్రీహరికోటలో రాకెట్టు లేచినప్పుడు కూలీలందరూ తట్టలు కిందపడేసి బయటికి పరిగెత్తితే ఆమె ఇటుకల మీద కూర్చుని చుట్టూ దుమ్ము లేస్తుంటే కొంగు ముక్కుకడ్డం పెట్టుకునేది. అంతే తప్ప తల ఎత్తేది కాదు.

తల్లి పోయిన ఇరవయ్యో రోజో ఏమో, కృపాదానం సగం కట్టిన వంటగదిలో బల్ల ముందు నిలబడి పిండితో కుస్తీ పడుతున్నాడు. చేత్తో పామి చేసే లావుపాటి పాస్తా అది. సాసులు కలపడంలో ఆయనకు ఎదురులేదు గానీ పిండి మాత్రం ఆయన మాట వినదు. ఒకచోట లావు, ఒకచోట సన్నం, తెగిపోయేవి తెగిపోయేవే. ఇసుక తట్టతో అటు పోతున్న వెంకటశేషమ్మ నిలబడి చూసింది.

"తాలికలంటయ్యా అవి?" అని అడిగింది.

ఆయన విసుగ్గా తలూపాడు. ఆమె తట్ట దించి, చేతులు కడుక్కొచ్చి, ఒక ముద్ద తీసుకుని అరచేత్తో పామింది. వినాయక చవితికి పాలతాలికలు చేసే చేతులవి. బల్ల ఈ చివర మొదలుపెడితే ఆ చివరికి పోయేదాకా ఒకటే లావున, ఎక్కడా తెగకుండా సాగింది. కృపాదానం కళ్లు చెదిరాయి. ఇటలీలో ఎనభై ఏళ్లావిడ చేసినదానికీ దీనికీ తేడా లేదు. ఆయన ఆమె చేతులను చూశాడు, తర్వాత ఆమె తెల్లబడుతున్న జుట్టును చూశాడు, తర్వాత ఖాళీ కుర్చీని చూశాడు.

ఆయన భార్య మెర్లిన్ అత్తగారి తెల్లచీరలు రెండు తెచ్చి ఇచ్చింది. నుదుటి మీద నల్లస్టిక్కరు తీసేయమంది, తప్పుగా అనుకోవద్దంది. వెంకటశేషమ్మ తప్పుగానూ అనుకోలేదు, ఒప్పుగానూ అనుకోలేదు. పొద్దున్నే వచ్చి స్టిక్కరు చేతులు కడుక్కునేచోట అద్దానికి అంటించేది, సాయంత్రం పోతూ తీసి పెట్టుకునేది. "ఎవరన్నా పేరడిగితే రెబెక్కమ్మ అను. వాళ్లేమీ మన ఇంటికి వచ్చి చూడబోతారా?" అన్నాడు కృపాదానం. ఆమె అట్లాగే అనేది.

అనుకున్నట్టే హోటలు అందుకుంది. ఫ్యాక్టరీలవాళ్లు, చెన్నై నుంచి కార్లలో వచ్చేవాళ్లు గాజుకిటికీ బయట నిలబడి ఆమె చేతులు చూసేవాళ్లు. లోపలికొచ్చి పక్కన కూర్చుని సెల్ఫీలు దిగేవాళ్లు. సుకుమార్ అని ఒక ఫ్యాక్టరీ మేనేజరు, వచ్చినప్పుడల్లా కొత్త దొరల్ని వెంటేసుకొచ్చి, "ఇదిగో, ఈవిడే మమ్మా రెబెక్కా. మూడు తరాల చెయ్యి" అని పరిచయం చేసేవాడు. మూడు తరాలట! ఆ లెక్క ఎక్కడ పుట్టిందో కృపాదానానికే తెలియాలి. ఆమె నవ్వమంటే నవ్వేది, ఇటు తిరగమంటే ఇటు తిరిగేది.

ఆమె మాత్రం ఆ బల్లల దగ్గర ఎన్నడూ తినలేదు. మధ్యాహ్నం రద్దీ తగ్గాక వంటింట్లో గడప పక్కన పీటేసుకుని, గిన్నెలో మిగిలిన టమోటా సాసు అన్నంలో కలుపుకుని తినేది. అందులో వేసే ఆకు తులసిలాగే ఉంటే మొదటి రోజు బెదిరిపోయి కళ్లకద్దుకుంది. తర్వాత అలవాటైపోయింది.

ఆ ఇంట్లో ఆమెకు దగ్గరగా వచ్చింది ఒక్క అబిగయీలు, కృపాదానం కూతురు. హోటలు తెరిచినప్పుడు ఆరేళ్లది. బడి నుంచి రాగానే పలకో పుస్తకమో పట్టుకుని కిటికీ దగ్గరికే వచ్చేది, అవ్వా అవ్వా అని పిండి ముద్దలతో బొమ్మలు చేయించుకునేది. ఆ పిల్ల అవ్వా అనడం చూసి మెర్లిన్ అంది, కృపాదానమూ అన్నాడు, చివరికి గ్యాసు బండ తెచ్చేవాడు కూడా అవ్వా అనే పిలిచాడు. ఇట్లా పదేళ్లు పోయాయి. ఇప్పుడు ఆమెకు అరవై ఎనిమిది, ఆ పిల్లకు పదహారు.

ఇక అసలు విషయానికి వస్తాను. వెంకటశేషమ్మకు ఒక చెల్లెలుంది, ప్రమీలమ్మ, వాకాడులో రెండు బర్రెలు పెట్టుకుని పాలు పోస్తుంది. ఈ ఏడు ఆమె జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఫోను చేసింది.

"అక్కా, నా చెయ్యి ఇంక పాలు పిండేదానికి పనికిరాదంట. నువ్వొచ్చేయి. ఇద్దరం కలిసి ఉండి పోదాం. ఆ ఇటలీ కూడు నీకెందుకు?"

"చూస్తాలే."

"ఏంది చూసేది? ముందరి గది ఖాళీగా ఉండాది. రాకపోతే చెప్పు, టీచరమ్మకు బాడిగిస్తా. ఆదివారం లోపల ఏదో ఒకటి చెప్పు."

ఆ మాట విన్నాక వెంకటశేషమ్మకు పదేళ్లలో లేని ఒక ఆలోచన వచ్చింది. నేనిక్కడ ఎవరిని? చెల్లెలి దగ్గరికి పోతే అక్కను. ఇక్కడ? అవ్వా అంటారు. నిజంగా ఈ ఇంటి మనిషినైతే చచ్చేదాకా ఈ కిటికీ పక్కనే ఉండిపోవచ్చు. కాకపోతే పోవాలి. ఎవర్నైనా అడగొచ్చుగా! అడగదు. అడిగే అలవాటు ఆమెకు ఎప్పుడో పోయింది. వాళ్లంతట వాళ్లే ఏదో ఒక రూపంలో చెబుతారని కాచుకుని కూర్చుంది. ఇంత వయసు వచ్చీ ఇదేం తెలివో.

ఆ శనివారం హోటలుకు పదేళ్లు నిండాయి. కృపాదానం హోటల్లోనే మధ్యాహ్నం కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాడు. వాళ్ల పద్ధతి అది. మంచి జరిగినా, గండం గడిచినా, బంధువులనూ సంఘాన్నీ పిలిచి, పాస్టరుగారితో ప్రార్థన చేయించి, అన్నం పెడతారు. ప్రార్థనలో ఇంట్లోవాళ్ల పేర్లు ఒక్కొక్కటీ ఎత్తి దేవునికి అప్పగిస్తారు. పేర్లన్నీ ముందే ఒక చీటీ మీద రాసి పాస్టరుగారి చేతికిస్తారు. చర్చివాళ్లతో పాటు, హోటలు ఇంత దూరం రావడానికి కారణమైన కస్టమర్లను కూడా ఈసారి పిలవాలని కృపాదానానికి బుద్ధిపుట్టింది. సుకుమార్, ఆయన భార్య, ఆయన ఫ్యాక్టరీలో పనిచేసే ఇద్దరు ఇటలీ ఇంజనీర్లు, ఇంకో పదిమంది దాకా వచ్చారు.

మహానుభావుడు ఒక్క సంగతి మర్చిపోయాడు. చర్చివాళ్లకు వెంకటశేషమ్మ కిటికీ పక్కన పిండి పిసికే పనిమనిషి, బోర్డు మీద ఆమె ఫోటో ఊరికే ప్రకటన. కస్టమర్లకు ఆమె రెబెక్కమ్మ. ఈ రెండు గుంపులూ ఒక్క కప్పు కింద కూర్చోవడం పదేళ్లలో అదే మొదలు.

పొద్దున్నే మెర్లిన్ వచ్చి చెప్పింది.

"అవ్వా, పాస్తా చేసేసినాక ఈ పొద్దు నువ్వు వంటింట్లో కూచోబాక. మాతో పాటు పెద్దబల్ల కాడ కూచోని తిను. వచ్చినోళ్లు నిన్నే అడుగుతారు గదా."

చివరి మాట వెంకటశేషమ్మ చెవికెక్కలేదు. 'మాతో పాటు' అన్నది మాత్రం ఎక్కింది.

ఇంకొకటి కూడా జరిగింది. అబిగయీలు కౌంటరు దగ్గర నిలబడి చీటీ రాస్తోంది. వెంకటశేషమ్మకు చదువు రాదు, కానీ పేర్లు ఒకదాని కింద ఒకటి ఉంటే ఎన్నో తెలుస్తుంది కదా. నాలుగున్నాయి. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. తండ్రి, తల్లి, పిల్ల. నాలుగోది ఎవరిది?

పిల్ల తలెత్తి నవ్వి, "నువ్వు కూడా ఉండావులే అవ్వా" అంది.

ఆ మాటకు వెంకటశేషమ్మ గుండెలో ఏదో కదిలింది. సంతోషమో కాదో ఆమెకే తెలియలేదు, అలవాటు తప్పిపోయింది కాబట్టి. కానీ పిండి పామే చేతులు ఆ పూట కొంచెం తొందరగా ఆడాయి. పేరు ఎత్తితే రేపు ప్రమీలకు ఫోన్ చేసి రానని చెప్పేస్తాను అనుకుంది. పాస్టరుగారి నోట తన పేరు ఎట్లా వినబడుతుందో ఒకటికి రెండుసార్లు మనసులో చెప్పుకుని చూసుకుంది.

పన్నెండున్నరకు అందరూ కూర్చున్నారు. గళ్లగళ్ల ఎర్రగుడ్డ పరిచిన పెద్దబల్ల దగ్గర కృపాదానం, మెర్లిన్, అబిగయీలు, వాళ్ల పక్కన వెంకటశేషమ్మ. ఎదురుగా సుకుమార్ దంపతులు, ఇద్దరు ఇంజనీర్లు. పక్కబల్ల దగ్గర సంఘపెద్ద పరంజ్యోతి, చర్చివాళ్లు. ఇంజనీర్లు ఆమెకు వంగి నమస్కారం పెట్టారు. అందరి ముందూ పొగలు కక్కుతూ పాస్తా వచ్చింది. చేతులతో పదేళ్లు చేసిందే గానీ, కుర్చీలో కూర్చుని, పళ్లెంలో, దాని ఒంటినిండా సాసుతో ఆమె దాన్ని చూడటం అదే మొదటిసారి. వాసన బాగుందనుకుంది. ప్రార్థన అయ్యేదాకా తినకూడదు కాబట్టి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

పాస్టరుగారు కొత్తాయన. గూడూరు వైపు నుంచి వచ్చి నెల కూడా కాలేదు. మంచి గొంతు. చీటీ ఒకసారి చూసుకుని, అందరినీ కళ్లు మూసుకోమని మొదలుపెట్టాడు. సుకుమార్ తల వంచి, ఇంజనీర్లకు వినబడేటట్టు ఇంగ్లీషులో మెల్లగా చెబుతున్నాడు.

"కృపగల తండ్రీ, పది సంవత్సరములు ఈ కుటుంబమును కాపాడినందుకు నీకు స్తోత్రము. నీ దాసుడు కృపాదానమును దీవించుము. నీ దాసురాలు మెర్లిన్‌ను దీవించుము. చిన్నబిడ్డ అబిగయీలును, ఆమె చదువును దీవించుము."

మూడయ్యాయి. వెంకటశేషమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఈ ఇంటి పెద్ద, తల్లి రెబెక్కమ్మ గారిని దీవించుము ప్రభువా. ఆ తల్లికి దీర్ఘాయువును దయచేయుము. ఆమె చేతులను బలపరచుము. ఇంకను అనేక సంవత్సరములు ఈ కిటికీ ప్రక్కన..."

"అయ్యగారూ, ఆపండి!"

ప్రార్థన మధ్యలో మాట్లాడటమా! అందరూ కళ్లు తెరిచారు. లేచి నిలబడింది పరంజ్యోతి. డెబ్బై దాటినవాడు, రెబెక్కమ్మ శవపెట్టెకు భుజం పట్టినవాడు. చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన చేయడమన్నది వాళ్ల సంఘంలో లేదు. ఆయనకు చెమటలు పట్టాయి.

"రెబెక్కమ్మ గారు ప్రభువునందు నిద్రించి పదేళ్లు దాటింది అయ్యగారూ. సూళ్లూరుపేట సమాధుల తోటలో పండుకోనుండాది. ఆమెకు దీర్ఘాయువు ఎట్టా అడుగుతారు?"

పాస్టరుగారు చీటీ చూశాడు, బోర్డు మీది ఫోటోనే పెద్దది చేసి గోడకు తగిలిస్తే అది చూశాడు, దాని కింద పేరు చూశాడు, బల్ల దగ్గర కూర్చున్న మనిషిని చూశాడు. సుకుమార్ గుసగుస ఆగిపోయింది. ఒక ఇంజనీరు ఏమైందని ఆయన మోచేయి తట్టాడు. సుకుమార్ చెప్పలేదు. వెంకటశేషమ్మ వైపు వేలు చూపించి, "మరి ఈమెవరు కృపాదానం?" అన్నాడు. పాపం, ఆ మనిషి ఎంతమందికి చెప్పాడో మూడు తరాల చెయ్యి అని.

అబిగయీలు ముఖం ఎర్రగా కందిపోయింది. "నేను రాసింది ఈ అవ్వ గురించే నాన్నా. వేరే పేరు నాకు తెలీదు" అంది.

వెంకటశేషమ్మ కృపాదానం ముఖంలోకి చూసింది. కస్టమర్లు ఏదన్నా అడిగితే ఆయన ఏం చెబుతాడో అని అట్లా చూడటం ఆమెకు పదేళ్ల అలవాటు. ఈసారి మాత్రం నిజంగానే తెలుసుకోవాలని చూసింది. ఆయన సుకుమార్ వైపు తిరిగాడు.

"ఆమె... ఆమె మా దగ్గర పనిచేస్తాది సార్. మా అమ్మ చనిపోయినాక... ఊరికే, కస్టమర్ల కోసమని. తప్పయిపోయింది."

అబద్ధమేమీ చెప్పలేదు. పదేళ్లలో ఆయన ఆమె గురించి నలుగురిలో చెప్పిన మొదటి నిజం అది. వెంకటశేషమ్మకు బాధ వేసిందా అంటే వేసింది, ఎక్కడో ఇంకొకరికి వేసినట్టు వేసింది. కోపం రాలేదు. రాలేదనే నాకు కోపం.

పాస్టరుగారు మెత్తని మనిషి. కూడిక పాడైపోకుండా చూసుకోవాలని ఆయన ఆత్రం.

"ఫర్వాలేదు, ఫర్వాలేదు. దేవుని ఎదుట అందరమూ ఒకటే. ఈ తల్లి కోసం కూడా ప్రార్థన చేద్దాం. ఈమె పేరేమి సోదరా?"

అడిగింది కృపాదానాన్ని. ఆమె ఎదురుగా ఉండగా ఆయన్నే అడిగాడు. అదీ మంచిదే అనుకుంది వెంకటశేషమ్మ, ఆయన నోటితోనే రానీ అనుకుంది. పనిమనిషి అన్నాడు, అననీ. పేరు పలికితే చాలు. ఆమె ఆశ చిక్కి చిక్కి ఆ ఒక్క మాట దగ్గరికి వచ్చి ఆగింది.

కృపాదానం మెర్లిన్ వైపు చూశాడు. మెర్లిన్ కూతురి వైపు చూసింది. కూతురు తల దించుకుంది. మొదటి రోజుల్లో ఎప్పుడో ఆమె పేరు విన్నాడాయన. ఆమెతో పాటు ఇటుకలు మోసిన ఇంకొకావిడ ఉండేది, నాయుడుపేట మనిషి. ఆ పేరూ ఈ పేరూ ఆయన బుర్రలో కలగలిసిపోయాయి. ఒక్క క్షణం తడుముకుని, ఎక్కడో దొరికినట్టు ముఖం వెలిగించి, గట్టిగా చెప్పాడు.

"వెంకటసుబ్బమ్మ అయ్యగారూ."

కాదనడానికి ఆమె నోరు తెరిచింది. అప్పటికే పాస్టరుగారు కళ్లు మూసుకున్నాడు. పాస్టరుగారు కళ్లు మూసుకున్నాక ఎవరూ మాట్లాడకూడదు. ఒకసారి మాట్లాడితేనే పరంజ్యోతికి చెమటలు పట్టాయి. ఆమె నోరు మూసుకుంది.

"తండ్రీ, నీ దాసురాలు వెంకటసుబ్బమ్మను జ్ఞాపకము చేసుకొనుము. ఆమె పేరు నీ అరచేతులలో చెక్కియున్నది ప్రభువా. ఆమె వార్ధక్యములో ఆమెకు తోడైయుండుము..."

అందరూ ఆమేన్ అన్నారు. వెంకటశేషమ్మ కూడా అంది. అనకపోతే బాగుండదు కదా.

తర్వాత అందరూ తిన్నారు. ఆమె కూడా తింది. ఫోర్కు పట్టుకోవడం చేతకాక చేత్తోనే తింది, ఎవరూ ఏమీ అనలేదు. పాస్తా చల్లారిపోయింది. బాగుందో బాగాలేదో చెప్పమంటే ఆమె చెప్పలేకపోయేది. పెట్టిందంతా తినేసి, పళ్లెం తీసుకుని వంటింట్లోకి పోయి కడిగి పెట్టింది. ఇంజనీర్లిద్దరూ పోతూ పోతూ కృపాదానంతో నవ్వుతూ చెయ్యి కలిపి వెళ్లారు. సుకుమార్ మాత్రం ముభావంగా వెళ్లాడు. అంతకుమించి ఏమీ జరగలేదు. ఇంత దానికి హోటళ్లు మూతపడవు.

మూడింటికి ఆమె తెల్లచీర విడిచి మడతపెట్టి, తన పాత నేతచీర కట్టుకుని బయటికొచ్చింది. చేతిలో గుడ్డసంచి.

"ప్రమీల చెయ్యి విరగ్గొట్టుకోనుండాది మెర్లినమ్మా. దాని కాడికి పోతుండా" అంది.

మెర్లిన్ బిత్తరపోయింది. "అదేంది అవ్వా? ఇప్పుడా? మధ్యాన్నం దానికి మనసు నొచ్చుకున్నావా? మేమేమన్నా అన్నామా?"

"లేదమ్మా. మీరేమీ అన్లేదు."

కృపాదానం వచ్చి తల గోక్కున్నాడు. పొరపాటైపోయిందన్నాడు, జీతం పెంచుతానన్నాడు, నాలుగు రోజులుండి రమ్మన్నాడు. ఆ మనిషి చెడ్డవాడు కాదు. ఆమెకు ఒంట్లో బాగాలేనప్పుడు నెల్లూరు ఆసుపత్రికి రెండుసార్లు తనే కార్లో తీసుకుపోయాడు. ఆమె అన్నిటికీ తలూపుతూనే చెప్పులు వేసుకుంది. అప్పుడాయనకు అసలు భయం పట్టుకుంది.

"మరి కిటికీ కాడ ఎవరు కూచుంటారు అవ్వా?"

"ఎవురన్నా కూచోవచ్చు అబ్బయ్యా. చెయ్యి ఆడితే చాలు. పేరు మీ కాడ ఉండనే ఉండాది గదా" అంది. ఎత్తిపొడుపుగా అనలేదు, ఉన్నమాట చెప్పింది.

బస్టాపు దాకా అబిగయీలు సంచి మోసుకుంటూ వచ్చింది. దారంతా ఏడుస్తూనే ఉంది. బస్సు వచ్చి ఆగాక ఆ పిల్ల ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"నన్ను క్షమించవ్వా. పదేళ్లు నీతో ఆడుకున్యా, ఒక్కసారన్నా నీ పేరు అడగలేదు నేను. చచ్చిపోయిన జేజి పేరు రాసిచ్చినా. సిగ్గుగా ఉండాది. ఇంక రోజూ పండుకునే ముందు నీ కోసం ప్రార్థన చేస్తా. పేరు పెట్టి చేస్తా. నీ మీద ఒట్టు. వెంకటసుబ్బమ్మ. చచ్చినా మర్చిపోను."

అప్పుడు కదిలింది. పద్మనాభయ్య పోయినప్పుడు కదలనిది, మధ్యాహ్నం పెద్దబల్ల దగ్గర కూడా పైపైనే కదిలినది, ఇప్పుడు అడుగు నుంచి కదిలింది. కాదు తల్లీ అని చెప్పాలనుకుంది. నాలుక చివర దాకా వచ్చింది. కానీ పిల్ల ముఖం చూసింది. ముక్కు ఎర్రబడి, కళ్లు వాచి, ఇంతకాలానికి ఒక తప్పు దిద్దుకున్నానని ఊపిరి పీల్చుకుంటున్న ముఖం అది. ఇప్పుడు అది కూడా తప్పేనని చెబితే ఈ పిల్ల ఏమైపోతుంది? కండక్టరు విజిలేశాడు.

వెంకటశేషమ్మ కొంగుతో ఆ పిల్ల కళ్లు తుడిచింది. "చెయ్యి తల్లీ, మంచిగా చదువుకో" అని బస్సెక్కింది.

ఆమె ఇప్పుడు వాకాడులో చెల్లెలి బర్రెలకు పాలు పిండుతోంది. అబిగయీలు మాట తప్పే పిల్ల కాదు. ఈనాటికీ ప్రతి రాత్రీ మంచం పక్కన మోకాళ్లూని, కళ్లు మూసుకుని, వెంకటసుబ్బమ్మ కోసం ప్రార్థన చేస్తుంది.